ఇంట్లోకి దొంగ చొరబడితే ఇంటివారి హక్కు ఎంతవరకు?

వెనకగది:
సభ్యులందరికీ నమస్కారం. నెల రోజుల క్రితం మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన నన్ను ఇప్పటికీ వదలడం లేదు. చట్టం తెలిసినవారి మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను.

రాత్రి రెండున్నర ప్రాంతంలో వెనక గదిలో అద్దం పగిలిన చప్పుడు విని లేచాను. లైటు వేయకుండా వెళ్లి చూస్తే, తలుపు పక్కనున్న కిటికీలోంచి ఒక చెయ్యి మోచేతి దాకా లోపలికి వచ్చి, గడియ కోసం తలుపు చెక్క మీద తడుముతూ ఉంది. ఆ చేతికి తొడుగు ఉంది. మణికట్టు దగ్గర ఆ తొడుగు కాస్త జారి చర్మం కనిపించడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. మూలన ఉన్న ఇనుప కడ్డీ అందుకుని ఆ చేతి మీద ఒక్క దెబ్బ వేశాను. అరుపు వినిపించింది, చెయ్యి వెనక్కి పోయింది, పరుగెత్తిన అడుగుల చప్పుడు వినపడింది. అక్కడితో ఆగకుండా నేనే గడియ తీసి వెంటపడ్డాను. ప్రహరీ గోడ ఎక్కబోయి అతను జారి కిందపడ్డాడు. దెబ్బ తగిలిన చేతిని రొమ్ముకు అదుముకుని, ఒక మోకాలి మీద లేవడానికి ప్రయత్నిస్తున్నాడు. నేను కడ్డీ ఎత్తి పట్టుకుని మూడడుగుల దూరంలో నిలబడ్డాను గానీ కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో నాకే సరిగ్గా తెలియదు. అతను ఎలాగో లేచి గోడ దాటి వెళ్లిపోయాడు.

నావి రెండు ప్రశ్నలు. ఆ మొదటి దెబ్బ వేసే హక్కు నాకు ఉందా? గోడ దగ్గర రెండో దెబ్బ కూడా వేసి ఉంటే నా పరిస్థితి ఏమయ్యేది? బంధువులు మాత్రం, అక్కడే కాళ్లు విరగ్గొట్టి పడేయాల్సింది, దొంగను కొడితే కేసేమిటి అంటున్నారు.

న్యాయపథం:
వెనకగది గారూ, ముందుగా మీరూ మీ కుటుంబమూ క్షేమంగా ఉన్నందుకు సంతోషం. క్రిమినల్ కోర్టుల్లో చాలాకాలంగా వాదిస్తున్నవాడిగా నాకు తెలిసినది చెబుతాను.

భారతదేశంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతాయి. పాత శిక్షాస్మృతిలో ఇవి 96 నుంచి 106 వరకు ఉండేవి. సారం దాదాపు అదే. తన శరీరాన్నీ, ఇతరుల శరీరాన్నీ, తన ఆస్తినీ, ఇతరుల ఆస్తినీ కాపాడుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని 35వ సెక్షన్ అంటుంది. ఆ హక్కుకు హద్దులు 37వ సెక్షన్‌లో ఉన్నాయి. పోలీసుల వంటి అధికారుల సాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు. ఉన్నప్పుడు కూడా, రక్షణకు అవసరమైనదానికన్నా ఎక్కువ హాని చేయకూడదు. ఈ రెండు వాక్యాలను గుర్తుపెట్టుకుంటే మిగిలిన సెక్షన్లను అర్థం చేసుకోవడం తేలిక.

ఇక మీ మొదటి దెబ్బ సంగతి. మనిషి పూర్తిగా లోపలికి రాలేదు, చెయ్యి మాత్రమే వచ్చింది కదా అని మీకు సందేహం కలగవచ్చు. శరీరంలో ఏ భాగం లోపలికి వచ్చినా అది ఇంట్లోకి చొరబడడమేనని చట్టం స్పష్టంగా చెబుతోంది. పాత శిక్షాస్మృతి 445వ సెక్షన్ కింద ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణే గోడకు కన్నం వేసి అందులోంచి చెయ్యి లోపలికి పెట్టినవాడిది. తలుపు సందులోంచి తీగ దూర్చి గడియ ఎత్తినవాడు కూడా ఆ ఉదాహరణల్లో ఉన్నాడు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇలా ఇల్లు ఛేదించడం 41వ సెక్షన్ జాబితాలో ఉంది. అవసరం అంతవరకు వెళితే, దొంగ ప్రాణం తీసే దాకా ఇంటివారి హక్కు విస్తరించే నేరాల జాబితా అది. దోపిడీ, నివాసాన్ని తగలబెట్టడం కూడా అందులోనే ఉన్నాయి. ప్రయత్నం మాత్రమే జరిగినా ఆ సెక్షన్ వర్తిస్తుంది. కాబట్టి గడియ వెతుకుతున్న చేతి మీద మీరు వేసిన ఒక్క దెబ్బ హక్కు లోపలిదేనని నేను నిస్సంకోచంగా అంటాను.

రెండో ప్రశ్నకు జవాబు వేరు. హక్కు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో 43వ సెక్షన్ చెబుతుంది. రాత్రిపూట ఇల్లు ఛేదించిన సందర్భంలో, ఆ చొరబాటు కొనసాగినంతసేపే ఆ హక్కు ఉంటుంది. గోడ దగ్గర అతను మీ ఇంట్లో లేడు, మీ వస్తువేదీ అతని చేతిలో లేదు, మీ మీదికి రావడం లేదు. ప్రహరీ లోపలే ఉన్నాడు కాబట్టి చొరబాటు ఇంకా ముగియలేదని వాదించవచ్చు. అయితే ఆ వాదన అతన్ని బయటికి పంపడానికో, పట్టుకోవడానికో సరిపోయేంత బలాన్ని మాత్రమే సమర్థిస్తుంది. మోకాలి మీద ఉన్నవాడి తల మీద కడ్డీతో కొట్టి అతను చనిపోయి ఉంటే, ఈరోజు మీరు ఈ ప్రశ్నను జైలు నుంచి అడుగుతూ ఉండేవారు.

కంచె:
ఎదురుగా నిలబడి కొట్టడం వరకు అర్థమైంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏం చేయాలి? మాకు తెలిసినవారు ఊరు వెళ్లేటప్పుడు కిటికీ ఊచలకు కరెంటు తీగ తగిలిస్తారు. దొంగ తనంతట తానే వచ్చి ముట్టుకుంటే తప్పు అతనిదే కదా అని వారి వాదన.

న్యాయపథం:
కంచె గారూ, దయచేసి వారిని వెంటనే ఆ తీగ తీసేయమని చెప్పండి.

సుప్రీంకోర్టు 1963లోనే చెరుబిన్ గ్రెగరీ కేసులో దీన్ని తేల్చింది. బిహార్‌లో ఒకతను తన మరుగుదొడ్డిని పొరుగువారు వాడుకోకుండా దారికి అడ్డంగా కరెంటు ప్రవహించే, పైన తొడుగు లేని తీగ కట్టాడు. అది తగిలి పొరుగింటి మహిళ చనిపోయింది. ఆమె అనుమతి లేకుండా వచ్చిందన్న వాదన అతన్ని కాపాడలేదు, శిక్ష ఖాయమైంది. చొరబడినవాడిని నేరుగా ఎంతవరకు గాయపరచే హక్కు లేదో, అంతవరకు ఉచ్చు పన్ని గాయపరచే హక్కు కూడా లేదన్నది అందులోని సూత్రం. ఆలోచిస్తే ఇది న్యాయమే. ఇంట్లో ఉన్న మనిషి ఎదుటివాడిని చూస్తాడు, పసివాడా, తాగినవాడా, పారిపోతున్నాడా అని గమనించి చేయి ఆపుకోగలడు. తీగ ఆపుకోలేదు. మంటలు ఆర్పడానికి వచ్చిన పొరుగువాడు ముట్టుకున్నా, బంతి కోసం గోడ దూకిన పిల్లవాడు ముట్టుకున్నా దానికి ఒకటే.

అవతలితీరం:
అమెరికాలోనూ ఇదే నిలిచింది. అయోవా రాష్ట్ర సుప్రీంకోర్టు 1971లో తీర్పు చెప్పిన కాట్కో కేసులో, ఎవరూ నివసించని పాత ఇంట్లో దంపతులు పడకగది తలుపుకు తుపాకీని కట్టి, తలుపు తీయగానే పేలేలా అమర్చారు. పాత సీసాలు ఎత్తుకుపోవడానికి వచ్చినవాడి కాలు ఛిద్రమైంది. దొంగతనానికి వచ్చినవాడే నష్టపరిహారం దావా వేసి 30,000 డాలర్లు గెలిచాడు. చాలామందికి అది విడ్డూరంగా తోచింది గానీ, ఖాళీ ఇంటిని కాపాడడానికి మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టకూడదన్న సూత్రం ఈనాటికీ చెక్కుచెదరలేదు.

నిద్రలేనిరాత్రి:
ఇంత తూకం వేసి మాట్లాడడం నాకు కష్టంగా ఉంది, క్షమించండి. మూడేళ్ల క్రితం మా ఇంట్లో ఇద్దరు చొరబడినప్పుడు మా అమ్మ ముఖం మీద దిండు అదిమిపెట్టారు. గొలుసు లాగినప్పుడు మెడ మీద పడిన గీత మానడానికి వారాలు పట్టింది. చీకట్లో, నిద్రమత్తులో, అమ్మ ఊపిరి అందక కొట్టుకుంటుంటే, నేను ఎంత బలంతో కొట్టాలో కొలుచుకోవాలా? వాడి జేబులో కత్తి ఉందో లేదో నేనెలా తెలుసుకోవాలి? తప్పు చేయడానికి వచ్చినవాడికి ఒక కొలత, ఇంట్లో పడుకున్నవారికి ఇంకొక కొలత అయితే, ఆ చట్టం ఎవరి కోసం?

న్యాయపథం:
అమ్మా, మీరు అడిగినది ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మీరు భయపడుతున్నంత కఠినంగా చట్టం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మీ అమ్మగారి విషయంలో అది దొంగతనం స్థాయి దాటి దోపిడీ అయింది, పైగా ప్రాణానికి ముప్పు. శరీర రక్షణకు సంబంధించిన 38వ సెక్షన్, ఆస్తి రక్షణకు సంబంధించిన 41వ సెక్షన్ రెండూ మీ పక్షాన నిలిచేవి. ఆ క్షణంలో మీ దెబ్బకు వారిలో ఒకడు చనిపోయినా, ఆ ముప్పు కొనసాగుతున్నంతసేపు అది నేరం కాదు.

బలాన్ని బంగారం తూచే త్రాసులో తూచకూడదని మన సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ కేసులో ఈ హక్కుకు సంబంధించిన సూత్రాలన్నీ ఒకచోట చేర్చి, ప్రాణాపాయం ఎదురైనప్పుడు పిరికితనంతో పారిపోవాలని చట్టం ఎవరినీ కోరదనీ, ప్రమాదం నిజంగా జరిగేదాకా కాచుకుని కూర్చోనక్కరలేదనీ, సహేతుకమైన భయం చాలుననీ తేల్చింది. ఎత్తిన కత్తి ఎదుట నిలబడినవాడి నుంచి నింపాదిగా ఆలోచించడాన్ని ఆశించలేమని అమెరికా సుప్రీంకోర్టులో న్యాయమూర్తి హోమ్స్ 1921లో రాశారు. జర్మనీ శిక్షాస్మృతి 33వ సెక్షన్ అయితే ఇంకో అడుగు ముందుకు వేసి, కలవరంతోనో భయంతోనో బెదురుతోనో హద్దు దాటినవారిని శిక్షించరాదని అంటుంది.

ఒకవేళ హద్దు దాటినా మన చట్టం దాన్ని నేరుగా హత్య అనదు. ముందస్తు ఆలోచన లేకుండా, అవసరానికి మించి హాని చేయాలన్న ఉద్దేశం లేకుండా, సద్బుద్ధితోనే ఆత్మరక్షణ హద్దు దాటి ప్రాణం తీసినవారికి 101వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. అది హత్య కిందికి రాని నరహత్య అవుతుంది. శిక్ష ఉంటుంది గానీ తేడా చాలా ఉంది.

కాబట్టి కొలత మీ చేతి బలానికి కాదు. ప్రమాదం ఇంకా ఉందని ఆ సమయంలో మీరు నమ్మడానికి కారణం ఉందా లేదా అన్నదే కోర్టు ముందుగా చూస్తుంది.

ఉత్తరపుగాలి:
నేను ఇంగ్లండులో పదిహేనేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ ఈ చర్చ ఎన్నికల ప్రసంగాల దాకా వెళ్లింది. రెండు కేసులు ఎవరిని అడిగినా చెబుతారు.

మొదటిది 1999 నాటిది. టోనీ మార్టిన్ అనే రైతు ఒంటరిగా ఉన్న తన ఇంట్లోకి రాత్రి చొరబడిన ఇద్దరి మీద తుపాకీ పేల్చాడు. వీపున గుండు తగిలి 16 ఏళ్ల కుర్రవాడు చనిపోయాడు. జ్యూరీ హత్యేనని తేల్చింది. 2001లో అప్పీలు కోర్టు ఆత్మరక్షణ వాదనను ఒప్పుకోకుండా, అతని మానసిక స్థితిని బట్టి దాన్ని నరహత్యకు తగ్గించి అయిదేళ్ల శిక్ష వేసింది. రెండోది 2008 నాటి మునీర్ హుస్సేన్ కేసు. ముసుగులు వేసుకుని కత్తులతో వచ్చినవారు కుటుంబాన్నంతా బంధించారు. ఆయన తప్పించుకుని, తమ్ముడితో కలిసి వారిలో ఒకడిని వీధిలో తరిమి పట్టుకుని, క్రికెట్ బ్యాటు ముక్కలయ్యేదాకా కొట్టారు. ఆ మనిషి మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగిలింది. ఆయనకు 30 నెలల శిక్ష పడింది. 2010 జనవరిలో అప్పీలు కోర్టు ఆ కుటుంబం అనుభవించిన భయాన్ని దృష్టిలో పెట్టుకుని శిక్షను తగ్గించి, జైలు నుంచి విడిచిపెట్టింది గానీ నేరం చేశారన్న నిర్ణయం అలాగే ఉంది. ఇంట్లో ఉండగా కుటుంబాన్ని కాపాడుకోవడానికి కొట్టి ఉంటే సంగతి వేరుగా ఉండేది. వీధిలోకి వచ్చేసరికి అది ప్రతీకారం అయింది.

ఆ తర్వాత 2013లో చట్టం మార్చారు. ఇంట్లో చొరబడినవాడి మీద ఇంటివారు వాడిన బలం కాస్త ఎక్కువైనంత మాత్రాన తప్పు కాదు, విపరీతంగా మితిమీరితేనే రక్షణ పోతుంది. దాని అర్థం ఏమైనా చేయవచ్చని కాదనీ, ఆ పరిస్థితుల్లో సమంజసమా అన్న ప్రశ్న మిగిలే ఉంటుందనీ 2016లో హైకోర్టు స్పష్టం చేసింది.

పాతనాణెం:
రాత్రికీ పగటికీ తేడా చూపడం ఎంత పాతదో తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. రోమన్ల పన్నెండు పలకల చట్టం రాత్రి దొంగను చంపడాన్ని అనుమతించింది, పగటి దొంగ ఆయుధంతో ఎదిరిస్తేనే అనుమతించింది. బైబిల్ నిర్గమకాండం 22వ అధ్యాయం కూడా కన్నం వేస్తూ దొరికినవాడి విషయంలో సూర్యోదయాన్నే హద్దుగా పెట్టింది. మన ధర్మశాస్త్రాలు ఇంటికి నిప్పు పెట్టేవాడిని, విషం పెట్టేవాడిని, ఆయుధంతో మీదికి వచ్చేవాడిని, ధనం అపహరించేవాడిని ఆతతాయి అన్నాయి. మీదికి వస్తున్న ఆతతాయిని ఎదిరించి చంపినవాడికి దోషం లేదన్నాయి. అక్కడ కూడా ‘మీదికి వస్తున్న’ అన్న మాటే కీలకం. మనిషి ఇల్లు అతనికి కోట అన్న ఇంగ్లీషు న్యాయసూత్రం 1604 నాటి సెమేన్ కేసు నుంచి ప్రసిద్ధమైంది.

చీకట్లో సాయం దొరకదు, వచ్చినవాడి ఉద్దేశం తెలియదు, ఇంట్లో మనుషులు ఉంటారని తెలిసే అతను వచ్చాడు. ఈ మూడు కారణాలే అన్ని కాలాల వారినీ ఒకే చోటికి చేర్చాయని నా అభిప్రాయం.

అవతలితీరం:
అమెరికాలో రాష్ట్రానికొక చట్టం కాబట్టి ఇదే అని ఒక మాట చెప్పడం కుదరదు. కాలిఫోర్నియాలో శిక్షాస్మృతి 198.5 సెక్షన్ ప్రకారం, చట్టవిరుద్ధంగా, బలవంతంగా ఇంట్లోకి వచ్చినవాడిపై ఇంటివారు ప్రాణాంతకమైన బలం వాడితే, వారికి ప్రాణభయం కలిగిందని కోర్టు ముందే భావిస్తుంది. కాదని నిరూపించే భారం ఎదుటి పక్షానిది. కొలరాడోలో 1985 నుంచి ఇంకా విశాలమైన రక్షణ ఉంది.

ఇంత విశాలమైన చట్టాలున్న దేశంలో కూడా హద్దు ఉంది. మిన్నెసోటాలో 2012లో ఒక వృద్ధుడు తన ఇంటి నేలమాళిగలో కూర్చుని, చొరబడిన, ఒకరికొకరు బంధువులైన ఇద్దరు యువతీయువకులను ఒకరి తర్వాత ఒకరిని కాల్చాడు. గాయపడి పడిపోయాక కూడా దగ్గరికి వెళ్లి కాల్చాడు. అతను పెట్టుకున్న రికార్డరులో అంతా నమోదైంది. 2014లో జ్యూరీ అది ముందే ఆలోచించి చేసిన హత్యేనని తేల్చి, అతనికి యావజ్జీవ శిక్ష పడింది. వారు చొరబడ్డారన్నది ఎవరూ కాదనలేదు.

ఇంకొకటి నన్ను ఎక్కువగా బాధిస్తుంది. 1992లో లూసియానాలో పండుగ విందుకు వెళుతూ పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టిన 16 ఏళ్ల జపాను విద్యార్థిని ఆ ఇంటాయన కాల్చి చంపాడు. క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు, సివిల్ దావాలో మాత్రం ఓడిపోయి నష్టపరిహారం కట్టవలసి వచ్చింది. చీకట్లో నిలబడిన ప్రతి మనిషీ దొంగ కాదు. ఎవరు అని గట్టిగా ఒక్కసారి కేకవేసే వ్యవధి ఉన్నప్పుడు కేకవేయడం చట్టం కోసమే కాదు, మన మనశ్శాంతి కోసం కూడా.

మెట్లదారి:
దొంగ పట్టుబడిన తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. మా వీధిలో ఒకడిని పట్టుకుని స్తంభానికి కట్టి, తెల్లారేదాకా వచ్చినవారు వచ్చినట్టు కొట్టారు. నేను ఆపలేకపోయాను. పొద్దున అతని పెదవులు చిట్లి, నీళ్లు తాగించబోతే నోరు తెరవలేకపోయాడు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

న్యాయపథం:
మెట్లదారి గారూ, చట్టం ఇక్కడ చాలా సూటిగా ఉంది. కళ్లెదుట బెయిలు దొరకని, పోలీసులు వారంటు లేకుండా పట్టుకోగల నేరం చేసినవాడిని మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చని నేరాల దర్యాప్తు, విచారణ పద్ధతులకు సంబంధించిన చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతుంది. రాత్రిపూట ఇల్లు ఛేదించడం అలాంటి నేరమే. అయితే ఆలస్యం చేయకుండా, ఎలాగూ ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. పారిపోకుండా ఉండడానికి అవసరమైనదానికన్నా ఎక్కువ నిర్బంధం ఉండకూడదని 46వ సెక్షన్ అంటుంది. చేతులు కట్టేయడం దాకా సమర్థించుకోవచ్చు. కట్టేసినవాడిని కొట్టడం ఆత్మరక్షణ కాదు, మామూలు నేరం. ఎంతమంది కొడితే అంతమందీ నిందితులే, ఎవరి దెబ్బకు చనిపోయాడో తేలకపోయినా తప్పించుకోవడం కష్టం.

దొంగ చేతిలో మన వస్తువు ఉన్నప్పుడు సంగతి కొంచెం మారుతుంది. వస్తువుతో సహా అతను తప్పించుకుపోయేదాకా, లేదా వస్తువు తిరిగి దక్కేదాకా దాన్ని రాబట్టుకునే హక్కు నిలుస్తుంది. కాబట్టి వెంబడించడమే తప్పని ఎవరూ అనుకోనక్కరలేదు. వస్తువు దక్కిన తర్వాత వేసే దెబ్బే చిక్కు తెస్తుంది.

చివరగా నిరూపణ సంగతి. ఆత్మరక్షణ కోసమే చేశానని చూపే బాధ్యత మనదే గానీ, ప్రాసిక్యూషన్ లాగా సందేహానికి తావు లేకుండా నిరూపించనక్కరలేదు. అలా జరిగి ఉండడానికే అవకాశం ఎక్కువ అని కోర్టుకు అనిపిస్తే చాలు. అందుకే పగిలిన అద్దాన్ని తుడవకండి, గడియ మీది గీతలను కదిలించకండి, ఫొటోలు తీయండి, వెంటనే పోలీసులకు ఫోన్ చేయండి. జరిగినదంతా జరిగినట్టే చెప్పండి. మొదటి ఫిర్యాదులో దాచిన చిన్న విషయం తర్వాత బయటపడితే, నిజమైన ఆత్మరక్షణ కూడా కట్టుకథలా కనిపిస్తుంది. నేను ఓడిపోయిన కేసుల్లో కొన్ని ఇలాగే ఓడిపోయాను.

వెనకగది:
అందరికీ కృతజ్ఞతలు. న్యాయపథం గారి చివరి పేరా చదివాక ఒక విషయం ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ రాత్రి నేను ఇచ్చిన ఫిర్యాదులో చేతి మీద కొట్టిన సంగతి ఉంది గానీ, తలుపు తీసి వెంటపడిన సంగతీ, గోడ దగ్గర కడ్డీ ఎత్తి నిలబడిన సంగతీ లేవు. కొట్టలేదు కదా, చెప్పడం ఎందుకని వదిలేశాను. అతను రేపు ఎక్కడైనా పట్టుబడి గోడ దగ్గర జరిగినది తన మాటల్లో చెబితే, నేను దాచినట్టే ఉంటుంది.

రేపు ఉదయం ఒక లాయరును వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్లి, మిగిలినది కూడా రాతపూర్వకంగా ఇస్తాను. కడ్డీని ఆ రాత్రి నుంచి అదే మూలన ఉంచాను, ఎవరూ ముట్టుకోలేదు. అదీ తీసుకువెళ్తాను.

నిద్రలేనిరాత్రి:
వెనకగది గారూ, స్టేషనుకు వెళ్లివచ్చాక ఏమన్నారో ఇక్కడ రాయండి. మేం ఇచ్చిన ఫిర్యాదు నకలు కూడా ఈ రాత్రి బయటికి తీసి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చదువుతాను.